పంటి పురుగు

నార్కట్‌పల్లిలో బస్సెక్కిన భార్యాభర్తలు నా పక్కన కూర్చున్నారు. ఆయన దవడకు తువ్వాల చుట్టి ఉంది. నోటి కేన్సరని, హైదరాబాద్ దవాఖానకు పోతున్నామని ఆమే చెప్పింది.

"ఏండ్ల సంది ఈయనకు చిగుళ్ళు వాస్తుండె, నెత్తురు కారుతుండె సారూ. పురుగు తీసేటామెతోని తీయించినం."

దూదిలో దాచి తెచ్చిన పురుగును పంటిలోంచి తీసినట్టు చూపించే మోసం అది. నేను ఊరుకోలేకపోయాను.

"చిగుళ్ళలో పురుగులుండవమ్మా. అది జబ్బు. అది ముదిరినవాళ్ళకు నోటి కేన్సర్ ముప్పు ఎక్కువని డాక్టర్లంటున్నారు. ఈయనకు దానివల్లే వచ్చిందని చెప్పలేం. కానీ పళ్ళ డాక్టరుకు చూపించి ఉంటే పుండు ముందే బయటపడేదేమో."

"గిప్పుడు చెప్తే ఏం ఫాయిదా సారూ," అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడు ఆమెను అడిగాను, "నీకూ నెత్తురొస్తుందా?"

"వస్తుండె. మొన్ననే తీయించుకున్న. ఈయనకు పురుగు సగమే ఎల్లింది సారూ, అందుకే గిట్లయింది. నాకు మొత్తం ఎల్లింది. ఫికర్ లేదు."

మూఢనమ్మకాల మీద సభల్లో ఎందరితోనో వాదించి గెలిచినవాణ్ణి. మళ్ళీ మొదటినుంచి చెప్పబోతుంటే, నాకే ధైర్యం చెబుతున్నట్టు ఆమె నవ్వింది. పళ్ళ సందుల్లో నెత్తురు ఇంకా తడిగానే ఉంది.