ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని ఫైలు

ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే అతన్ని అందరూ అనుమానాల్రావు అంటారు. మంచినీళ్లిచ్చినా స్కాన్ చేసే తాగుతాడని నర్సుల వేళాకోళం. తెలియని ప్రోగ్రాం ఫైలు కనబడితే ముందు కళ్లద్దాలు తుడుచుకుంటాడు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చూస్తాడు. ఇంకెక్కడైనా ఉందేమోనని ఇంటర్నెట్టంతా గాలిస్తాడు. ఊరూ పేరూ లేనిదైతే మళ్లీ దొరక్కుండా చెరిపేసి, పామును చంపినవాడిలా చేతులు దులుపుకుంటాడు.

నిన్న చెల్లెలింట్లో పాత కంప్యూటర్ నెమ్మదించిందంటే అలాగే వెతికాడు. ఒక ఫైలుకి చేసినవాళ్ల పేరు లేదు, ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. “నా సర్వీసులో ఇంత దొంగమొహం ఫైలు చూళ్ళేదమ్మా!” అంటూ తీసేశాడు.

పొద్దున్నే ఫోను. “అన్నయ్యా, పాప బొమ్మలు నొక్కుతోంది గానీ మాట రావడం లేదు. ఆ మాటల ప్రోగ్రాం మీ బావ రాసింది కదా!”

మాటరాని మేనకోడలు తెర మీద బొమ్మ నొక్కితే కంప్యూటర్ పలుకుతుందని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ కొన్న ప్రోగ్రామే అనుకున్నాడు. పోయిన బావ సొంతంగా రాశాడని తెలియదు. ఇంకో కాపీ లేదు.

కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. బాగుచేసే మామయ్య వచ్చాడని పాప నవ్వుతూ లేచి, తన కుర్చీ అతని ముందుకు జరిపింది.