కొర్రమీనుకు అత్తరు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర, మాకు భూములు పోయి నడక మాత్రం మిగిలింది. మట్టెవాడలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ కూడా నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడ వంచకుండా వీధిలో నడిచేవాణ్ణి (ఎదురొచ్చే బర్రెలు కూడా పక్కకు తప్పుకోవాలని నా అభిప్రాయం, వాటికి వేరే అభిప్రాయం ఉండేది). నాకు ఇరవై రెండేళ్లు. బాపు జ్వరంతో మంచం పట్టి తిండి మానేశాడు. కడుపులోకి ఏదో ఒకటి పోకపోతే మందులు పనిచేయవని డాక్టరు చెప్పేశాడు. అమ్మ ఏం పెట్టినా మొహం తిప్పుకున్న మనిషి, ఎనిమిదో రోజున కొర్రమీను పులుసైతే తింటానన్నాడు. అదీ బజారుది కాదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒకప్పుడు మా ఇంటి చేతిలో ఉన్న చెరువుది.

గాలం వేయడం మా ఇంట్లో పని కాదు, షికారు. దానికో పద్ధతి ఉంది. బాపు పడుకునే చెబుతుంటే నేను గోధుమపిండి, వేయించిన పల్లీల పొడి కలిపి ముద్ద చేశాను. ఇంట్లో మిగిలిన ఒకే ఒక అత్తరు బుడ్డిని అమ్మ పెట్టెలోంచి తీసి అందులో వంపేసింది. పొద్దున ప్యాసింజరు బండిలో పక్కనున్నాయన, పెళ్లి ఎవరిదని అడిగాడు.

రెండు రోజులు చెరువుగట్టు మీద ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాను. నీళ్ల మీద తేలే బెండు కదల్లేదు. మోకాలిలోతు నీళ్లలో గంటల తరబడి నిలబడి చేపలు పట్టే ముసలాయన ఒకడుండేవాడు, ఊళ్లో కొంగ తాత అనేవారు. రెండో రోజు వచ్చి నా పిండిముద్ద వాసన చూశాడు.

"గిదేంది దొరా, చేపను పడ్తాన్నవా, పిల్లనడుగుతాన్నవా?"

షికారు పద్ధతి ఇదేనని గంభీరంగా చెప్పాను. అది రవ్వచేపకు పనికొస్తుందట. కొర్రమీను పిండి ముట్టదట, దానికి బతికున్న కప్ప కావాలట. అత్తరు, సబ్బు, మనిషి వాసన ఏది తగిలినా దగ్గరికి రాదట. చేతులకు బురద రాసుకోమన్నాడు. మా వంశంలో ఎవరూ బురద ముట్టలేదన్నాను.

"ముట్టకనే పాయె గద దొరా, భూమంత" అన్నాడు, నవ్వకుండా.

మా తాత అయితే ఆ మాటకు చేయి చేసుకునేవాడు. నేను రైలెక్కాను. ఇంటికొచ్చేసరికి బాపు నీళ్లు మింగడానికీ కష్టపడుతున్నాడు. ఖాళీ సంచిని అమ్మ నా చేతిలోంచి తీసుకుని మేకుకు తగిలించింది.

మూడో రోజు చొక్కా విప్పి గట్టు మీద మడతపెట్టి, మోచేతుల దాకా బురద పూసుకున్నాను. నేను పూసుకుంటున్నంతసేపూ కొంగ తాత అటు తిరిగి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి కప్ప ఎరకు మూరెడు కొర్రమీను పడింది.

బాపు పులుసన్నం రెండు ముద్దలు, మూడోది సగం తిన్నాడు. "అత్తరుకే పడ్డదా?" అన్నాడు.

గోళ్లలో బురద ఇంకా వదల్లేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అత్తరుకే, బాపూ."

"నేను జెప్పలే?" అని అమ్మ వైపు గర్వంగా చూశాడు. ఆ వారం దాటలేదాయన.

మా ఇంటివాళ్లు అబద్ధమాడరని నేను ఇప్పటికీ నలుగురిలో చెబుతుంటాను. చెబుతుండగా చొక్కా లేని ఆ ఇరవై రెండేళ్ల దొరగారు గుర్తొచ్చి, మాట మధ్యలో నవ్వొస్తుంది. ఏమైందని ఎవరైనా అడిగితే, దగ్గు అంటాను.