బాబాయి ఎక్కించిన యాప్

బొల్లాపల్లిలో ట్రాక్టర్ నడిపే బాబాయి ఎప్పుడు చూసినా రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి, వాటిమీద అరచెయ్యి కప్పి కూర్చునేవాడు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

అద్దె ట్రాక్టర్ల కోసం నేనొక యాప్ చేశాను. ప్లే స్టోర్‌లో వెతికితే ఎక్కడో అడుగున కనపడేది. పేరు మార్చాను, బొమ్మ మార్చాను. డౌన్‌లోడ్లు పన్నెండు దాటలేదు. మూసేస్తున్నానని బాబాయికి చెప్పడానికి ఆ ఊరు వెళ్తే, ప్రతి రైతు ఫోన్లోనూ అదే ఉంది!

“ఇదెట్టా బాబాయ్?”

“డేటా ఎందుకు దండగ? రెండు ఫోన్లు పక్కన పెట్టి, ఎక్కేదాకా కదలకుండా చెయ్యేసి, నా ఫోన్లోంచే అందరికీ ఎక్కించా.”

“స్టోర్‌లోంచి దింపుకుంటేనే లెక్కలోకొస్తది బాబాయ్. అప్పుడే వెతికినోళ్ళకి పైన కనపడుద్ది.”

ఆయన ఫోన్ల మీంచి అరచెయ్యి తీయకుండానే నవ్వాడు.

“పైన కనపడితే ఎవడు నమ్ముతాడ్రా? నేనిచ్చాననే గదా పెట్టుకుంది.”