చుక్కల సీసా, కప్పు కొలత

రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూలై నెలలో, నన్ను బేతంచెర్ల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా ఫార్మసిస్ట్ గ్రేడ్–1. డాక్టరు రాసిన ఓపీ చీటీ చూసి మందులివ్వడం, ఎలా వాడాలో చెప్పడం, స్టాకు రిజిస్టరు రాయడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నాపరాయి గనుల్లోనూ బండల పాలిష్ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసే కుటుంబాలవాళ్లు.

ఒక సోమవారం నాగమ్మ అనే పెద్దావిడ పద్నాలుగు నెలల మనవణ్ని ఎత్తుకొచ్చింది. కూతురు ఫ్యాక్టరీకి పోతే బిడ్డను చూసుకునేది ఆమే. పిల్లవాడి బరువు పది కిలోలు. డాక్టరుగారు చూసి మామూలు జ్వరమే అన్నారు. పారాసిటమాల్ సిరప్ ఐదు మిల్లీలీటర్లు, జ్వరం ఉంటేనే, ఆరు గంటల ఎడంతో ఇమ్మని రాశారు. మా దగ్గర సిరప్ ముందురోజే అయిపోయింది. బయట కొనుక్కోమని ఒక చిన్న కాగితం మీద ‘పారాసిటమాల్ 5 ఎం.ఎల్.’ అని రాసిచ్చాను. వరుస గుమ్మం దాటి నిలబడి ఉంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మర్నాడు పదకొండు గంటలప్పుడు ఆమె మళ్లీ కౌంటరు ముందుకొచ్చింది. పిల్లవాడు భుజం మీద తల వాల్చి ఉన్నాడు.

“మందు అయిపాయ మ్మా. ఈ పొద్దన్నా మీ కాడ ఉంటే ఇయ్యి.”

అరవై మిల్లీలీటర్ల సిరప్ సీసా ఎంత లేదన్నా మూడు రోజులు రావాలి. ఒలికిపోయిందా అని అడిగాను.

“ఒక్క చుక్క గూడా ఒలకల్యా. మూడుతూర్లు పోస్తి, అయిపాయ.”

సంచిలోంచి సీసా తీసి నా ముందు పెట్టింది. అది సిరప్ కాదు. పదిహేను మిల్లీలీటర్ల చుక్కల మందు. పాలు తాగే పసిపిల్లలకు కొద్దికొద్దిగా వేయడానికి చిక్కగా చేసే మందు అది. సిరప్ ఐదు మిల్లీలీటర్లలో నూట ఇరవై ఐదు మిల్లీగ్రాముల మందు ఉంటే, ఇందులో ఒక్క మిల్లీలీటరులోనే వంద ఉంటుంది.

“దీంతో వచ్చిన డ్రాపరు ఏదీ?” అన్నాను.

“అది శానా చిన్నది మ్మా. దాంట్లో అయిదు యాడుంది? పెద్ద మనవడి దగ్గు మందుకు వచ్చిన కప్పు ఇంట్లో ఉండాది. దాంట్లో అయిదు గీత కాడికి పోసినా. నువ్వే రాసిస్తివి గదా, అయిదని.”

కాగితం కూడా తీసి చూపించింది. నా చేతిరాతే. సిరప్ అన్న మాట అందులో లేదు. ఎన్ని మిల్లీగ్రాముల మందో లేదు. సిరప్ లేదని, అదే మందు చుక్కల్లో ఉందని చెప్పి షాపాయన ఇచ్చాడట. ఆయన అబద్ధమూ చెప్పలేదు. లెక్క వేశాను. పోసిన ప్రతిసారీ నాలుగు మోతాదులు. ఒక్క రోజులో పిల్లవాడి కడుపులోకి పోయింది పన్నెండు మోతాదుల మందు.

“వాంతులేమైనా అయ్యాయా?”

“జరం తగ్గింది గానీ, పొద్దున్నుంచి కక్కుతాండాడు. పాలు ముట్టడంల్యా.”

కౌంటరు వదిలేసి, పిల్లవాణ్ని నేనే తీసుకుని డాక్టరు గదిలోకి పరుగెత్తాను. ఆయన సీసా చూసి లేచి నిలబడ్డారు. ఈ మందు మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మొదటి రోజు పైకి పెద్దగా తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. విరుగుడు ఇంజెక్షన్ కర్నూలు పెద్దాసుపత్రిలో ఉంది. రెఫరల్ చీటీలో ఎంత మందు, ఏ ఏ వేళల్లో పోసిందీ నేనే రాశాను. అంబులెన్సు ఎక్కుతూ నాగమ్మ, “నేనేం తప్పు చేసినా మ్మా?” అని అడిగింది. తప్పు నీది కాదు, నాది అన్నాను. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు.

పిల్లవాడి కాలేయం పరీక్షలు రెండు రోజులు భయపెట్టి, మూడో రోజు నుంచి దిగివచ్చాయి. వారానికి ఇంటికొచ్చాడు. జరిగింది జరిగినట్టు నివేదిక రాసి డాక్టరుగారికి ఇచ్చాను. జిల్లా కార్యాలయం నుంచి మెమో వచ్చింది. సంజాయిషీలో నా పొరపాటు ఒప్పుకున్నాను.

పారాసిటమాల్ చిన్న మందు అనే అలుసుతో ఎన్నో ఏళ్లు నేను నోటికొచ్చిన అంకె రాసిచ్చాను. పిల్లలకు మోతాదు బరువును బట్టి మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మిల్లీలీటర్లు సీసాను బట్టి మారతాయి. అందుకని ఆ తర్వాత సీసా నా ముందు పెట్టించి, లేబుల్ చదివి, దాంతో వచ్చిన కొలత మీదే పెన్నుతో గీత గీసి, బిడ్డకు మందు పోసేవాళ్లచేత ఒకసారి పోయించి చూడనిదే ఎవరినీ పంపలేదు. వరుస ఎంత పొడవున్నా సరే.