వాసానికి కట్టిన లిల్లీ దుంపలు

యుద్ధం రోజులవి. కాపురానికి వస్తూ విజయనగరంలోని పుట్టింటి నుంచి మూడు దుంపలు తెచ్చుకుని పెరట్లో పాతాను. మాఘం వెళ్లేసరికి ఎర్రటి పూలు పూస్తాయి. మా అమ్మ ఎర్రలిల్లీ అనేది, వీధిలోవాళ్లు బాకాపువ్వు అనేవారు. పొందూరు దగ్గర మా అత్తవారి ఊళ్లో ఆ మొక్కని ఎవరూ ఎరగరు. చలికాలంలో దుంపలు తవ్వి, ఆరబెట్టి, ఆకులు జడగా అల్లి వంటింటి వాసానికి కట్టాను. పక్కనే మా అత్త ఉల్లిజడలు వేలాడుతున్నాయి. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఓ రోజు నూతి దగ్గర బట్టలుతికి వచ్చేసరికి మా అత్త అరుగు మీద కూలబడి వాంతులు చేసుకుంటోంది. పొయ్యి మీద వంకాయ పులుసు ఉంది. వాసం వైపు చూస్తే నా దుంపల్లో ఒక్కటే మిగిలింది. కేకలేసి పక్కింటివాళ్లని పిలిచాను.

పక్కింటి ముసలమ్మ ఆ దుంప లాగి చూసి గుండెలు బాదుకుంది.

"బాబోయ్, అడవుల్లి! ఎలకలకి పెట్టేది! అత్తకి పెట్టేసినాదీ కోడలు!"

వైద్యుడు వచ్చాడు. దుంప కోసి చూస్తే పొరలు పొరలుగా ఉంది. కక్కించే మందు గిన్నెలో కలిపి కూడా చెయ్యి ఆపేశాడు.

"అడవుల్లయితే ఈ మందు పొయ్యకూడదు, గుండాగిపోతాది. ఇంకేదైనా అయితే ఎంటనే పొయ్యాల. సరిగ్గా సెప్పమ్మా, దీని పేరేటి?"

"లిల్లీ అండీ. బాకాపువ్వని కూడా అంటారు..."

"ఆ పేర్లు నానెప్పుడూ ఇన్నేదు."

"సూసినారా, పూటకో పేరు సెప్తంది!" అంది ముసలమ్మ.

మా ఆయన కొత్తవలసలో రైలుపని మీద ఉన్నాడు. నా తరఫున ఒక్క మాట అనే దిక్కు లేదు. అక్కడ మా అత్త కళ్లు తేలేస్తోంది, వైద్యుడేమో గిన్నె పట్టుకుని నించున్నాడు. భయమేసింది. అంతకు రెండింతలు ఒళ్లు మండింది.

"అడవుల్లయితే నేనూ పోతాను, చూడండి!" అని కోసిన ముక్క నోట్లో కుక్కుకుని నమిలాను. అబ్బ, ఎంత చేదో! నాలుక భగ్గుమంది.

అంతసేపూ తలెత్తలేకపోయిన మా అత్త దేక్కుంటూ వచ్చి నా దవడలు పట్టుకుంది. నోట్లో వేళ్లు పెట్టి కెలికేసింది.

"ఉమ్మే! ఉమ్మెయ్యే, పిచ్చిదానా! బాబూ, దీని తప్పేటీ నేదు. పుట్టింటోరిచ్చిన మంచి ఉల్లి నాకు పెట్టకుండా దాసుకుందనుకున్నాను. ఇది నూతికాడికెళ్లినప్పుడు నానే కోసినాను. సేదొస్తే బెల్లమేసుకుని మరీ తిన్నాను!"

అడవుల్లయితే తెలిసి తెలిసి నమలదనుకున్నాడేమో, వైద్యుడు ఇంక పేరు అడగలేదు. ముందు ఆవిడకి, తర్వాత నాకు మందు పోశాడు.

సాయంత్రందాకా ఇద్దరం ఒకే గంగాళం మీదకి వంగి కక్కుతూనే ఉన్నాం. వాంతికీ వాంతికీ మధ్య ఆవిడ నా వీపు రాస్తోంది. కాపురానికొచ్చిన ఏడు నెలల్లో ఆవిడ చెయ్యి నా మీద పడటం అదే మొదటిసారి. నేను కక్కుతూనే భోరుమని ఏడ్చాను.