సాక్ష్యం చెప్పిన ఆదివారం

కిందటి నెల గుంటూరులో కీళ్ళ డాక్టరు గారి దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, ఒక నిండు గర్భిణి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నా వేళ్ళ వంకర చూసి, "మీక్కూడా ఇదేనా ఆంటీ?" అంది. అవునన్నాను. పెళ్ళికి ముందు నుంచే తనకూ ఉందట. "కానీ ఇప్పుడు పోయిందాంటీ. కడుపుతో ఉన్నప్పట్నుంచి ఒక్క నొప్పి లేదు, చూడండి" అని గాజుల చేతిని గుప్పిట బిగించి, విప్పి చూపించింది. ఆ ముఖంలోని వెలుగు నాకు బాగా తెలుసు. పక్కన నిలబడ్డ ఆమె భర్త గబుక్కున గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. ఆ తిరగడమూ తెలుసు. "ఇది పోలేదమ్మా, ఆగింది. కాన్పయ్యాక మళ్ళీ వస్తుంది. రాగానే ఆలస్యం చెయ్యకుండా ఇక్కడికి వచ్చెయ్" అన్నాను. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. "పెద్దవాళ్ళు, మంచి మాట చెప్పాల్సింది పోయి ఇదేంటండీ?" అన్నాడు అతను. ఆ పిల్ల వయసులో నాకూ అందరూ మంచి మాటలే చెప్పారని, అందుకే నోరు ఊరుకోలేదని అతనికి ఎలా చెప్పను? అదంతా ఆ కుర్చీలో కూర్చుని చెప్పే కథ కాదు.

ఎనభైల మొదట్లో మా కాపురం ప్రత్తిపాడులో. నేను మిషను బడిలో రెండో తరగతికి చెప్పేదాన్ని. మా ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, నెమ్మదస్తుడు, కోపం వచ్చినా, కంగారు పుట్టినా చొక్కా గుండీలు సర్దుకునే రకం. మా అత్తగారు మాత్రం వీధి చివరిదాకా వినపడే మనిషి. భర్త పోయాక మిరప చేలల్లో, పత్తి చేలల్లో కూలి చేసి కొడుకును చదివించింది. ఆయనకు ఉద్యోగం వచ్చాక కూడా కోతల కాలంలో ఇంట్లో కూర్చోలేక చేలోకి పోయేది. పెళ్ళయిన రెండో ఏడు, ఒకరోజు పొద్దున బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. తీసుకుందామంటే వేళ్ళు ముడుచుకోలేదు. ఆ తరవాత మోకాళ్ళు, మడమలు, భుజాలు. పొద్దున లేస్తే జడ వేసుకోలేను, చెంబు ఎత్తలేను. మా వీధిలో నా కీళ్ళకు వైద్యం చెప్పని వాళ్ళు లేరు. వావిలాకు కాపడం పెట్టమని ఒకరు, వంకాయ మానెయ్యమని ఒకరు, వంకాయే తినమని ఇంకొకరు. అందరి మాటా విన్నాం. చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, "ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే నీ కీళ్ళను శత్రువనుకుని కొడుతోందమ్మా. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. మందులతో అదుపులో పెట్టుకోవాలి" అంది. నా ఒళ్ళే నా మీద పడిందన్న మాట నాకు చాలాకాలం మింగుడుపడలేదు.

అలాంటి రోజుల్లో కడుపుతో ఉన్నానని తెలిసింది. డాక్టరమ్మ చాలా మందులు ఆపించింది. మందులుంటేనే అంతంతమాత్రం, లేకపోతే మంచం దిగనేమోనని భయపడ్డాను. జరిగింది వేరు. నాలుగో నెల దాటేసరికి వాపులు దిగాయి. ఒకరోజు స్నానం చేసి, తడిచీర నేనే పిండి, తీగ మీద ఆరేసి లోపలికి వచ్చాక గానీ ఏం చేశానో నాకే తెలియలేదు. మళ్ళీ బయటికి వెళ్ళి ఆ చీరను చూస్తూ నిలబడ్డాను. అది మిరపకాయలు కళ్ళాల్లో ఆరే కాలం. ఊరంతా ఘాటు, ఎవరింట్లో చూసినా తుమ్ములు, దగ్గులు. ఆ ఘాటులో మా అత్తగారి పక్కన పీట వేసుకుని తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబారిన మిరపకాయలు, ఏరాను. నా వేళ్ళ వేగం చూసి ఆవిడ నోరు తెరిచింది. "ఒసేయ్ అమ్మాయ్, దేవుడు నీ చేతులు నీకిచ్చేశాడే!" అని ఏడ్చేసింది. మర్నాడు కూలీలందరికీ చెప్పింది. ఆ కబురు పక్క ఊరు చేరేసరికి నేను చచ్చి బతికినట్టుగా మారిందని తరవాత విన్నాను.

ఆ నెలలోనే పరీక్షకు గుంటూరు వెళ్ళాం. నర్సు నన్ను పక్కగదిలోకి రక్తం తీయడానికి తీసుకెళ్ళింది. నేను వచ్చేసరికి మా ఆయన డాక్టరమ్మ ముందు గుండీలు సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. "ఏమన్నారండీ?" అంటే, "అంతా బాగుందన్నారు" అన్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. దారిపొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. బిడ్డకు ఏ లాలిపాటలు పాడాలో, ఎలా నీళ్ళు పోయాలో అన్నీ చెప్పాను. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

ఒక ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, లేచి సాక్ష్యం చెప్పాను. మా సంఘంలో దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం ఆనవాయితీ. నేను చేతులు పైకెత్తి, వేళ్ళు ముడిచి, విప్పి చూపించాను. ఆడవాళ్ళు హల్లెలూయా అన్నారు. అత్తగారు అందరికంటే గట్టిగా అంది. పురుడు పోయడానికి వచ్చిన మా అమ్మ ముందు వరసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురు బాగుపడిందని సంతోషం కాబోలు అనుకున్నాను. మా ఆయన మగవాళ్ళ వైపు తల వంచుకుని కూర్చున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. నెల దాటాక ఒక పొద్దున పిల్ల లంగోటాకు పిన్ను పెట్టబోతే బొటనవేలు వంగలేదు. రాత్రి సరిగ్గా పడుకోలేదు, అందుకే అనుకున్నాను. మర్నాడు మణికట్టు వాచింది. ఎవరికీ చెప్పలేదు. అంతమంది ముందు దేవుడి పేరు చెప్పి నిలబడ్డదాన్ని, మళ్ళీ నొప్పులని ఎలా అనగలను? ఇది నా నమ్మకానికి పరీక్ష అనుకున్నాను. పిల్లను మోచేతులతో ఎత్తుకోవడం నేర్చుకున్నాను, వాపు కనపడకుండా కొంగు కప్పుకున్నాను. "ఒంట్లో ఎలా ఉంది?" అని మా ఆయన రోజూ అడిగేవాడు. అంతకుముందు ఎప్పుడూ అలా రోజూ అడిగిన మనిషి కాదు. బాగుందనేదాన్ని. హమ్మయ్య అన్నట్టు బడికి వెళ్ళిపోయేవాడు. అలా వారాలు గడిచాక ఒకరోజు పాలివ్వబోతుంటే పిల్ల చేతుల్లోంచి జారింది. పక్కనే ఉన్న అత్తగారు పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

గుంటూరు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ నా చేతులు చూసి మందలించింది. "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావమ్మా? కీళ్ళు దెబ్బతిన్నాయి. ఈ రెండు వేళ్ళు ఇక తిన్నగా రావు. కాన్పు కాగానే జబ్బు తిరగబడుతుందని, నొప్పి మొదలవగానే తీసుకురమ్మని మీవారికి అప్పుడే చెప్పానే!"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూశాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. "కడుపుతో ఉన్నావు, భయపెట్టడం ఎందుకని" అన్నాడు. తరవాత, "నువ్వు అంతగా నవ్వడం పెళ్ళయ్యాక అప్పుడే చూశాను. పాడుచెయ్యబుద్ధి కాలేదు" అన్నాడు.

"నాకు చెప్పలేకపోతే పోనీ. గుడిలో లేచి నిలబడుతుంటే ఆపలేకపోయారా?"

ఆయన చెయ్యి గుండీల మీదికి పోయింది.

వసారాలో ఉన్న అత్తగారు పిల్లను చంకనేసుకుని లోపలికి వచ్చింది. అప్పటిదాకా కొడుకును పల్లెత్తు మాట అనని మనిషి. "ఒరేయ్, దాని ఒంటి సంగతి దానికి చెప్పకుండా దాచడానికి నువ్వెవడివిరా? అది పిచ్చిదై ఊరంతటి ముందూ నిలబడింది. నేను పిచ్చిదాన్నై చేలన్నీ తిరిగి చెప్పాను. మా ఇద్దర్నీ చూస్తా ఎట్టా కూర్చున్నావురా?" అని అరిచింది. వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. నా సంగతి తెలిసి ఊరి నుంచి వచ్చిన మా అమ్మ కంగారుగా, "వదినగారూ, నెమ్మదండీ. అల్లుడుగారు మంచికే చేశారు. నాతో కూడా అదే అన్నారు" అంది.

అనేశాక అమ్మ నాలుక కరుచుకుంది.

"అమ్మా, నీకు తెలుసా?" అన్నాను. "చెప్పొద్దని ఒట్టేయించుకున్నారే" అంది. అంటే ఆ ఆదివారం ముందు వరసలో ఏడ్చింది సంతోషంతో కాదు. భర్త దాచాడంటే కోపం వచ్చింది. అమ్మ దాచిందంటే కాళ్ళ కింద నేల లేనట్టయింది. వాళ్ళిద్దరూ నా వెనక కూర్చుని నా గురించి మాట్లాడుకున్నారు, నా నవ్వును ఎన్నాళ్ళు ఉండనివ్వాలో అనుకున్నారు. నమ్మింది ఇద్దరమే. నేనూ, చదువురాని అత్తగారూ.

గుడిలో నా సంగతి వేరేగా నడిచింది. "పొందిన స్వస్థతను నిలబెట్టుకోలేదు" అన్నారు కొందరు. పాస్టరమ్మగారు మెత్తటి మనిషి. ఇంటికి వచ్చి నా చేతులు పట్టుకుని, "లోపల ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో తల్లీ" అంది. ఆవిడ పట్టుకున్నచోట నొప్పి పెడుతోందని కూడా నేను అనలేదు. ఆ తరవాత చాలా ఏళ్ళు గుడిలో వెనక వరసలోనే కూర్చున్నాను. అత్తగారు మటుకు నా పక్కన కూర్చుని, ఎవరైనా తిరిగి చూస్తే, "ఏంటమ్మా చూస్తన్నావు?" అని పాస్టరుగారు వాక్యం చెబుతుంటే మధ్యలోనే అడిగేది.

పిల్లకు నీళ్ళు పోసింది, ఉయ్యాలలూపింది, అన్నం కలిపి పెట్టింది ఆవిడే. మాటలొచ్చాక నా కూతురు మొదట అమ్మా అని పిలిచింది కూడా ఆవిణ్ణే. "నేను కాదే, అదిగో మీ అమ్మ" అని ఆవిడ నా వైపు చూపించింది. పిల్ల నన్ను చూసి, నవ్వి, మళ్ళీ ఆవిడ మెడ పట్టుకుంది. ఆ క్షణం మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. జాలిపడలేదు.

తరవాత ఆయన నాకు లోటు చెయ్యలేదు. జడ వెయ్యడం నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళపాటు జాకెట్టు హుక్కులు ఆయనే పెట్టాడు. డాక్టరు దగ్గర నా ఎదురుగా తప్ప మాట్లాడనని పట్టుబట్టేవాడు. పోయేముందు ఒకసారి, "ఇంకా కోపముందా?" అని అడిగాడు. "కోపం లేదండీ" అన్నాను. అది నిజమే. కోపానికి మందు దొరికింది, నమ్మకానికే దొరకలేదు. ఆయన ఏ చిన్న మాట చెప్పినా, దాని వెనక చెప్పనిది ఏముందోనని వెతకడం చివరిదాకా మానలేకపోయాను.

గడిచిపోయిన రోజులు ఎక్కడికీ పోవని, ఎలా ఉన్నవి అలాగే ఉంటాయని అనుకునేదాన్ని. అలా ఉండవు. నా బతుకులో నొప్పి లేని ఆ కొద్ది నెలలను ఎప్పుడు తలుచుకున్నా, ఇప్పుడు నాకు కనిపించేది నా నవ్వు కాదు, తెలిసి చూస్తున్న ఆ ఇద్దరి ముఖాలే. కాలం ముందుకే పోతుందంటారు గానీ, ఆలస్యంగా తెలిసిన ఒక్క మాట చాలు, వెనక్కి వెళ్ళి మన మంచి రోజులను కూడా మన దగ్గర్నుంచి తీసుకుపోతుంది.