రెండు షెడ్ల నీళ్లు

నగరిలో మా వీధి మొదట్లో నూలుకు రంగులేసే షెడ్లు రెండుండేవి. ఒకటి పరమ భక్తుడిది. ఏటా కాలినడకన తిరుమల కొండెక్కేవాడు, శనివారాలు వీధంతటికీ పులిహోర పంచేవాడు. రెండోది మా నాయన స్నేహితుడిది. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. కొడుకు పెళ్లి కూడా పురోహితుడు లేకుండానే చేశాడు. రెండు షెడ్ల రంగునీళ్లూ మా ఇంటి ముందరి కాలువలోనే పారేవి. పోనుపోను మా బోరు నీళ్లూ రంగు తిరిగాయి.

నాయన పవర్‌లూమ్ మీద బట్ట నేసేవాడు. ఆయనా నాస్తికుడే. సాయంత్రమైతే మా అరుగు మీద వాదన మొదలయ్యేది. సృష్టికర్త ఉన్నాడని నమ్మినంతకాలం మనుషుల కష్టాలు తీరవని నాయన, భయభక్తులు పోయినందుకే లోకమిట్లా అయిందని ఆ భక్తుడు. తిరుపతిలో చదువుతున్న నేను సెలవులకు వచ్చినప్పుడు నాయన వైపు మాట్లాడేదాన్ని. లోపల అమ్మ ఆ నీళ్లతోనే గిన్నెలు తోముతుండేది.

అమ్మ కాళ్లకు పుండ్లు లేచాయి. తిరుపతిలో డాక్టరు పూతమందు రాసిచ్చి, ముందు నీళ్లు మార్చమన్నాడు. ఇంటికి రాగానే నాయన భక్తుడిని నిలదీస్తానని లేచాడు. అమ్మ గుమ్మంలో కూర్చుని, చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపింది.

“ఆయప్ప నీళ్లకు లేసిన పుండేదో, నీ సావాసగాడి నీళ్లకు లేసిన పుండేదో సూసి సెప్పు. ఆమీట పోదువులే.”

నాయన వేసుకున్న చెప్పులు విడిచేశాడు. ఆ రోజు అన్నం తినలేదు.

వారం తిరక్కుండా అమ్మ, చర్చికి పోయే పక్కింటి అత్త, వీధిలో ఆడవాళ్లు కలిసి కాలువకు అడ్డంగా ఇసుక మూటలు వేశారు. నీళ్లు ఎగదన్ని షెడ్లలోకి పోయాయి. మధ్యాహ్నానికి ఓనర్లిద్దరూ ఒకే బండి మీద వచ్చారు. భక్తుడు చేతులు జోడించి, స్వామి మీద ఆన, నెలలో దారి చూపిస్తానన్నాడు.

“ఆన పెట్టేదానికి నాకు దేవుడు లేడుమ్మా. నా మాటుండాది,” అన్నాడు నాయన స్నేహితుడు.

అమ్మ వంగి ఒక మూట పక్కకు లాగింది. మిగతావి ఆడవాళ్లు తీశారు.

ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. మా వీధి పొడుగునా కాలువకు అడుగున సిమెంటు పోసి, పైన రాతి పలకలు పరిపించారు. తాగేదానికి, వాడుకునేదానికి ట్యాంకరు పెట్టించారు. అమ్మ పుండ్లు మానాయి, మచ్చలు మిగిలాయి. దేవుడే కరుణించాడని అత్త అంది. మనుషులు కలిస్తే ఏమైనా సాధిస్తారని నాయన అన్నాడు. వాదన మళ్లీ అరుగెక్కింది.

పలకలు మా వీధితోనే ఆగిపోయాయి. అక్కడి నుంచి కాలువ కింది వీధిలోకి పోతుంది. ఇప్పుడు వాళ్ల బోర్లలో ఆ రంగు వస్తోంది. రేషన్ షాపు దగ్గర కనబడితే ఆ వీధి ఆడవాళ్లు అమ్మతో మాట్లాడరు.